చలికాలపు పరుగు: తపస్సుకు కొలత

మధ్యదూరపు పరుగు అంటే ప్రధానంగా 800 మీటర్లు, 1500 మీటర్లు. వంద మీటర్ల పరుగులా ఒక్క ఊపులో తేలిపోయేది కాదు, మారథాన్‌లా గంటల తరబడి సాగేదీ కాదు. బాగా పరుగెత్తే కుర్రవాడు 800 మీటర్లను రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ముగిస్తాడు. ఆ కాసేపట్లో కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సగానికి పైగా ఆక్సిజన్ మీద ఆధారపడి పుట్టేదే. 1500 మీటర్లలో ఆ వాటా ఐదింట నాలుగు వంతుల దాకా ఉంటుంది. కాబట్టి ఈ పరుగుకు కాళ్ల వేగం కన్నా ముందు కావలసింది గుండె, ఊపిరితిత్తుల సత్తువ. అది పోటీలు తక్కువగా ఉండే నెలల్లో, తొందర లేని పొడవాటి పరుగులతో, వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది. చలిదేశాల్లో ఆ నెలలు మంచుతో వస్తాయి గనుక అక్కడివారు కప్పు కింద 200 మీటర్ల చుట్టుతో ఇండోర్ ట్రాకులు కట్టుకున్నారు. బెంగళూరులో అలాంటిది లేదు. కంఠీరవ పేరుతో ఒక ఇండోర్ స్టేడియం ఉన్నా అది కబడ్డీ, బాస్కెట్‌బాల్ వంటి ఆటల కోసం కట్టింది. పరుగు పిల్లలు కార్తికం నుంచి మాఘం దాకా ఆరుబయటే సాధన చేయాలి.

తెల్లవారకముందే లేచి, వణుకుతూ బూట్లు కట్టుకుని, చూసేవాళ్లెవరూ లేని దారుల్లో పరుగెత్తే ఈ పనిని పెద్దలు చాలామంది తపస్సు అంటారు. పొగడ్త కోసం కాదు, నమ్మే అంటారు. ఆ నమ్మకంలో నిజముంది. అయితే తపస్సును మెచ్చుకున్న గ్రంథాలే దానికి హద్దులు కూడా గీశాయి. కష్టం ఎంతవరకు సాధన, ఎక్కడి నుంచి హింస? పద్నాలుగేళ్ల పిల్లల విషయంలో ఆ గీత గీసే హక్కు ఎవరిది? చలికాలపు శిక్షణలో తేల్చుకోవలసిన అసలు ప్రశ్నలు ఇవి. కప్పు ఉందా లేదా అన్నది వీటి తరవాతి మాట.

ముందుగా చలి సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15, 16 డిగ్రీలు, పగలు 27 దాకా పోతుంది. ఇక్కడ నమోదైన అతి తక్కువ వేడిమి 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో. దూరం పరుగెత్తే శరీరానికి 10, 15 డిగ్రీల చుట్టుపక్కల వాతావరణమే అన్నిటికన్నా అనుకూలం. అనంతపురంలోనో కర్నూలులోనో మే నెలలో సాధన చేసే పిల్లలతో పోలిస్తే ఇక్కడి చలికాలం వరమనే చెప్పాలి. నిజమైన ఇబ్బందులు వేరే ఉన్నాయి. జనవరి నడుమ సూర్యోదయం 6.45 దాకా కాదు, బడి బస్సు మాత్రం ఆగదు. ఈశాన్య రుతుపవనాల వాన నవంబరు దాకా వెంటాడుతుంది. చలికాలపు ఉదయాల్లో నేలను ఆనుకున్న చల్లగాలి పైకి లేవక, వాహనాల పొగనూ దుమ్మునూ కిందే పట్టి ఉంచుతుంది. అందువల్ల పెద్ద రోడ్ల పక్కన తెల్లవారుజామున పీల్చే గాలి అనుకున్నంత శుభ్రమైనది కాదు. కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ లోపలి దారులు, హెబ్బాళ వైపు జీకేవీకే ఆవరణ, మైసూరు రోడ్డు వైపు జ్ఞానభారతి ఆవరణలోని మట్టి బాటలు ఉండగా, రింగు రోడ్డు అంచున పిల్లలను పరుగెత్తించడం ఏ తపస్సు కిందికీ రాదు.

కప్పు లేకపోవడం వల్ల భారతీయ పరుగు ఆగిపోయిందనడానికి చరిత్ర ఒప్పుకోదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో శ్రీరామ్ సింగ్ మొదటి చుట్టులో అందరికన్నా ముందున్నాడు. చివరికి 1 నిమిషం 45.77 సెకన్లతో ఏడో స్థానంలో నిలిచాడు. ఆ కాలాన్ని మరో భారతీయుడు దాటడానికి 42 ఏళ్లు పట్టింది. 2018లో జిన్సన్ జాన్సన్ 1 నిమిషం 45.65 సెకన్లు నమోదు చేశాడు. 1984 లాస్ ఏంజెలిస్‌లో షైనీ అబ్రహాం 800 మీటర్ల సెమీఫైనల్ చేరింది. దేశంలో ఇండోర్ ట్రాకు అనేది భువనేశ్వర్‌లో ఈ మధ్యే వచ్చింది, ఈ ముగ్గురూ ఇవి సాధించేనాటికి అది లేదు. ఇండోర్ ట్రాకు ఉంటే మంచిదే. అయితే చిన్న చుట్టులో పదేపదే మలుపులు తిరగడం ఎదిగే మడమలకు, పిక్కలకు భారం కూడా. పునాది నెలల్లో మట్టి బాటను మించింది లేదు.

ఈ పునాది శిక్షణకు ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడు న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్. ఆక్లాండ్ శివార్లలోని తన ఇరుగుపొరుగు కుర్రవాళ్లనే తీసుకుని, నెలల తరబడి వారానికి వంద మైళ్ల చొప్పున రోడ్ల మీద, కొండదారుల్లో పరుగెత్తించాడు. వారిలో పీటర్ స్నెల్ 1960 రోమ్‌లో 800 మీటర్లు, 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు రెండూ గెలిచాడు. రెండు నిమిషాల లోపు పరుగు కోసం 35 కిలోమీటర్ల వయటారువా కొండల చుట్టు తిరగడం ఆ రోజుల్లో చాలామందికి అర్థం కాలేదు. వాళ్లంతా ఎదిగిన మగవాళ్లు. పద్నాలుగేళ్ల పిల్లలకు ఆ మైళ్లు పనికిరావు. పనికివచ్చేది ఆ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన. ఇవాళ్టి పరుగుకు ఫలితం ఇవాళ కనిపించదు, రేపూ కనిపించదు. డిసెంబరులో చేసిన పని వేసవిలో, ఒక్కోసారి రెండు మూడేళ్లకు బయటపడుతుంది.

ఫలం కనిపించని పనిని శ్రద్ధగా ఎందుకు చేయాలన్నది భగవద్గీత నేరుగా ఎదుర్కొన్న ప్రశ్న. రెండో అధ్యాయం 47వ శ్లోకం మనిషికి కర్మ మీదే అధికారమని, ఫలం మీద కాదని చెబుతుంది. అంతకు కాస్త ముందు, 40వ శ్లోకంలో, మొదలుపెట్టిన ఈ ప్రయత్నం వృథా కాదని భరోసా ఉంది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదం అభ్యాసానికి మూడు గుణాలు కావాలంటుంది. చాలా కాలం చేయాలి, నడుమ తెగకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. చలికాలపు శిక్షణకు ఇంతకన్నా దగ్గరి వర్ణన మరే పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. ఈ మూడింటిలో మన కోచ్‌లు మొదటి రెంటినే పట్టించుకుంటారు. మూడోది పిల్లల మనసు సంగతి. విసుగుతో, భయంతో, తిట్లు తింటూ చేసిన నూరు రోజులు పతంజలి లెక్కలో అభ్యాసం కావు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పరుగు పందెం అంటేనే ఫలం. చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది, ముగింపు గీత దాటగానే ఎవరు ముందో తేలిపోతుంది. అలాంటి పనిలో ఉన్న పిల్లవాడికి ఫలాపేక్ష వద్దని చెప్పడం కపటం కాదా? పైగా గీత చెప్పిన వృథా కాకపోవడం శరీరానికి వర్తించదు. కొన్ని వారాలు పరుగు మానేస్తే ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం తగ్గడం మొదలవుతుంది. కూడబెట్టింది కరిగిపోతుంది. గీత మాట్లాడింది ఆత్మసాధన గురించి, గుండె కండరం గురించి కాదు. ఆ శ్లోకాన్ని పరుగుకు ఉన్నదున్నట్టు అతికించడం తప్పే అవుతుంది.

అయినా 47వ శ్లోకం ఈ మైదానంలో అవసరమైనదే. కాకపోతే అది ముందుగా పెద్దలకు చెప్పవలసిన మాట. పతకం మీద, స్పోర్ట్స్ కోటా సీటు మీద, శిష్యుడి వల్ల తనకు రాబోయే పేరు మీద ఆశ పెట్టుకున్నది చాలాసార్లు పిల్లవాడు కాదు, అతని చుట్టూ ఉన్నవారు. ఆ ఆశే పునాది నెలలను కుదించి, పదమూడేళ్ల కాళ్ల మీద పదిహేడేళ్ల భారం మోపుతుంది. అండర్-14 పతకం కోసం జనవరిలోనే పూర్తి వేగంతో 400 మీటర్ల పరుగులు పదేపదే చేయిస్తే మార్చిలో కాలం మెరుగుపడుతుంది, నిజమే. అలా మెరిసిన పిల్లల్లో ఇరవై ఏళ్ల వయసు దాకా పరుగులో ఉండేవారు ఎందరో ఏ పాత ఫలితాల జాబితా తిరగేసినా అర్థమవుతుంది. పిల్లవాడు గెలవాలని కోరుకోవడం సహజం, అందులో దోషం లేదు. ఫలాన్ని వదులుకోవలసినవాడు శిక్షకుడు.

తపస్సు విషయానికి వస్తే, తెలుగు ఇళ్లలో చలికాలమే నియమాల కాలం. కార్తికంలో తెల్లవారుజాము చన్నీటి స్నానాలు, సోమవారం ఉపవాసాలు, డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసపు వేకువ పూజలు, తిరుప్పావై, నవంబరు నడుమ నుంచి మండలం పాటు అయ్యప్ప దీక్షలు. బెంగళూరు తెలుగువారు ఇవన్నీ వెంట తెచ్చుకున్నారు. చీకటితో లేచి చలిని ఓర్చుకోవడం అనే అలవాటు ఈ పిల్లలకు కొత్త కాదు. వాళ్ల అవ్వలు, అమ్మలు చేస్తూనే ఉన్నారు. కాబట్టి పరుగును తపస్సుతో పోల్చడం బలవంతపు పోలిక కాదు. యోగసూత్రాల మీద వ్యాసభాష్యం కూడా ఆకలిదప్పులు, చలివేడి వంటి ద్వంద్వాలను ఓర్చుకోవడమే తపస్సు అంటుంది. అయితే అదే భాష్యం రెండో పాదం మొదట్లో ఒక షరతు పెట్టింది. మనసు ప్రసన్నతకు భంగం కలగనంత మేరకే తపస్సు చేయాలి. కృచ్ఛ్ర చాంద్రాయణాల వంటి కఠిన వ్రతాలను కూడా ఎవరికి తగినట్టు వారు చేయాలంటుంది. అంటే కొలత బయట లేదు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని డిగ్రీల చలి అన్నది కాదు, చేసేవాడి లోపల ఏం మిగిలిందన్నదే లెక్క.

గీత పదిహేడో అధ్యాయం ఇంకా కచ్చితంగా మాట్లాడుతుంది. శరీరంతో చేసే తపస్సు జాబితాలో శుచి, ఋజుత్వం, బ్రహ్మచర్యంతో పాటు అహింసను కూడా చేర్చింది. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో, అహంకారంతో శరీరాన్ని కృశింపజేసేవారు లోపల ఉన్న దైవాన్నే బాధిస్తున్నారని హెచ్చరించింది. మెప్పు కోసం, గౌరవం కోసం చేసే తపస్సు రాజసం, నిలకడ లేనిది. మూర్ఖపు పట్టుదలతో తనను తాను పీడించుకునేది, ఇతరులను పాడుచేయడానికి చేసేది తామసం. మోకాలు నొప్పి పెడుతున్నా ఆపకుండా పరుగెత్తించి, దాన్ని గుండె ధైర్యమని పొగిడే శిక్షణ ఈ వర్గీకరణలో ఎక్కడ చేరుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

బౌద్ధ వాఙ్మయంలో ఒక కథ పరుగు పిల్లల కోసమే రాసినట్టుంటుంది. చంపానగరపు ధనిక కుటుంబంలో పుట్టిన సోణ కోళివీసుడు భిక్షువై, పట్టుదలతో చంక్రమణం, అంటే అటూ ఇటూ నడుస్తూ చేసే ధ్యానం, మొదలుపెట్టాడు. సుకుమారమైన ఆ పాదాలు చిట్లి, నడిచే బాటంతా రక్తమయమైంది. ఇంత చేసినా విముక్తి రాలేదే, ఇంటికి పోయి దానధర్మాలు చేసుకుందామా అని అతను నిరాశపడుతుండగా బుద్ధుడు వచ్చి అతని పూర్వపు విద్య గురించి అడిగాడు. సోణుడు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైనా పలకదు, ప్రయత్నం కూడా అంతేనని బుద్ధుడు బోధించాడు. ఇంతవరకు చాలామంది విన్నదే. వినయపిటకంలోని మహావగ్గ దీని తరవాతి సంగతి కూడా చెబుతుంది. బుద్ధుడు సోణుడికి చెప్పులు వేసుకోవడానికి అనుమతి ఇచ్చాడు. తన ఒక్కడికే ఆ సౌకర్యం వద్దని అతను అనడంతో సంఘానికంతటికీ ఒక పొర చెప్పులను అనుమతించాడు. నెత్తురోడే పాదాలకు బుద్ధుడి సమాధానం ఓర్చుకోమన్న ఉపదేశం కాదు. ప్రయత్నాన్ని సరిచేశాడు, పాదరక్షలు ఇచ్చాడు. అరిగిపోయిన బూట్లతో పిల్లలను మట్టి బాట మీదికి తోలేవారు ఈ రెండో భాగాన్ని గుర్తుంచుకోవాలి.

ఆయుర్వేదం ఈ కొలతను ఇంకా స్పష్టంగా చెప్పింది. వాగ్భటుడి అష్టాంగహృదయం సూత్రస్థానం రెండో అధ్యాయంలో, బలవంతులు, స్నిగ్ధాహారం తినేవారు కూడా శీతకాలంలో, వసంతంలో తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, మిగతా కాలాల్లో ఇంకా తక్కువ చేయాలని ఉంది. చలికాలమే వ్యాయామానికి మంచి కాలమని ఒప్పుకుంటూనే సగం దగ్గర గీత గీశాడు. ఆ సగం ఎక్కడుందో తెలుసుకునే గుర్తును సుశ్రుతుడు ఇచ్చాడు. ఊపిరి నోటికి వచ్చినప్పుడు సగం శక్తి వాడినట్టు. నేటి కోచ్‌లు నిదానపు పరుగుకు చెప్పే పరీక్ష దీనికి చాలా దగ్గరగా ఉంది. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి, మాట తెగి నోటితో ఎగశ్వాస మొదలైతే వేగం మించినట్టే. చలికాలపు పరుగుల్లో అధికభాగం ఈ గీతకు ఇవతలే సాగాలి. వారంలో ఒకటి రెండు రోజులు మాత్రం గీత దాటి, కొండ ఎక్కడమో చిన్న చిన్న వేగపు పరుగులో చేయిస్తే చాలు.

వాగ్భటుడి వాక్యంలో మరొక మాట ఉంది. వ్యాయామం మానవలసినవారిలో వృద్ధులతో పాటు బాలురనూ చేర్చాడు. సుశ్రుతుడి లెక్కలో పదహారేళ్లు నిండనివారు బాలురే. అక్షరాలా తీసుకుంటే అండర్-16 పోటీలన్నీ శాస్త్రవిరుద్ధం అవుతాయి. అలా తీసుకోనక్కర్లేదు. ఆయుర్వేదం వ్యాయామం అన్నది శరీరాన్ని అలసటకు గురిచేసే పనిని. పిల్లల ఆటను అది నిషేధించలేదు. ఎముకల చివర్లలో ఎదుగుదల పూర్తికాని వయసులో భారం వేరుగా ఉండాలని నేటి క్రీడా వైద్యం కూడా చెబుతుంది. పద్నాలుగేళ్లవారి శిక్షణ ఎక్కువగా ఆటగా, పదిహేడేళ్లవారి శిక్షణ క్రమంగా అభ్యాసంగా ఉండాలన్నదే ఈ రెండింటి నుంచి తీసుకోదగిన అర్థం.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా కోచ్ పెర్సీ సెరుటీ పోర్ట్‌సీ తీరంలో ఇసుకదిబ్బల మీదికి శిష్యులను మళ్లీ మళ్లీ పరుగెత్తించేవాడు. ప్రాచీన గ్రీసులోని స్టోయిక్ తత్త్వాన్ని, స్పార్టా కఠినత్వాన్ని కలిపి స్టోటన్ అని తన సిద్ధాంతానికి పేరు పెట్టుకున్నాడు. బాధను తప్పించుకోకుండా హత్తుకోవాలన్నది అతని బోధ. శిష్యుడు హెర్బ్ ఇలియట్ 1960 రోమ్‌లో 1500 మీటర్లను 3 నిమిషాల 35.6 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. పెద్దల పోటీల్లో 1500 మీటర్లలోగాని మైలులోగాని అతను ఎన్నడూ ఓడిపోలేదు. కఠిన తపస్సు ఫలించిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఇలియట్ ఆ దారిని తానే ఎంచుకుని వెళ్లాడు, ఎదిగిన తరవాత వెళ్లాడు, ఇరవైల తొలి ఏళ్లలోనే పరుగు నుంచి తప్పుకున్నాడు. సెరుటీ పద్ధతిలో బాధ ఉంది గాని బలవంతం లేదు. ఆ తేడాను గమనించకుండా దిబ్బలను మాత్రం అరువు తెచ్చుకుంటే మిగిలేది పీడనే.

ఎంచుకోవడం అన్నదానికి మన సాహిత్యంలో అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ పార్వతి. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో, తెలుగులో నన్నెచోడుడు చెప్పిన కథలో కూడా, ఆమె తపస్సుకు పూనుకుంది. తల్లి మేన వద్దని వారించింది. కూతురు మాత్రం చెలికత్తె ద్వారా తండ్రి అనుమతి అడిగి వెళ్లింది. శీతాకాలపు రాత్రులు నీళ్లలో నిలిచి గడిపింది. అంతటి తపస్సును చూడటానికి బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు మొదట అడిగినవి కుశలప్రశ్నలే. సమిధలు, నీళ్లు దొరుకుతున్నాయా, శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావా అని అడిగి, ధర్మానికి మొదటి సాధనం శరీరమేనని గుర్తు చేశాడు. పిల్ల కోరుకుంది, తల్లి భయపడింది, తండ్రి ఒప్పుకున్నాడు, చూడవచ్చినవాడు ఆరోగ్యం అడిగాడు. యువ క్రీడాకారుల చుట్టూ ఉండవలసిన బంధాలన్నీ ఈ వరసలో ఉన్నాయి. ఆమె తరఫున తండ్రి తపస్సు నిర్ణయించలేదు. తల్లి భయాన్ని కవి తప్పుపట్టనూ లేదు.

కాబట్టి పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల విషయంలో, తపస్సు అనే మాటను పెద్దలు వాడవలసింది చాలా తక్కువ. తనకు తాను విధించుకున్నదే తపస్సు. ఇంకొకరు విధించింది శిక్షణ కావచ్చు, క్రమశిక్షణ కావచ్చు, హద్దు దాటితే శిక్ష కావచ్చు. ఐదున్నరకు అలారం పెట్టుకునేది పిల్లవాడా, తండ్రా అన్న చిన్న విషయం దగ్గరే ఈ తేడా తెలిసిపోతుంది.

వ్రతాలు, శిక్షణ ఒకే నెలల్లో కలవడం వల్ల వచ్చే చిక్కులు బెంగళూరులో రోజువారీ సంగతి. అయ్యప్ప మాల వేసుకున్న కుర్రవాడు పాదరక్షలు వేసుకోడు, నేల మీద పడుకుంటాడు, మధ్యాహ్నపు భిక్ష తప్ప మిగతా పూటల్లో తిండి తక్కువ. ఆ మండలం రోజులు అతనితో గట్టి దారి మీద పరుగులు చేయిస్తే అరికాళ్లు, పిక్కలు దెబ్బతింటాయి. మాల తీయమనడం కోచ్ పని కాదు. పచ్చిక మీద తక్కువ దూరాలు, నిదానపు నడక, ఒళ్లు సాగదీసే ఆసనాలు ఇవ్వవచ్చు. అసలు పునాదిని సంక్రాంతి తరవాతికి జరపవచ్చు. రంజాను నెల ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. అంటే ముస్లిం పిల్లల ఉపవాసాలు కూడా త్వరలో సరిగ్గా ఈ శిక్షణ నెలల్లోకే వస్తాయి. రోగికి, ప్రయాణికుడికి ఖురాన్ మినహాయింపు ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పరుగు పిల్లవాడికి ఇఫ్తార్ తరవాత తేలికపాటి సాధన పెట్టడమే మర్యాద. ఏ మతంలోనూ దీక్ష శరీరాన్ని కూల్చడానికి రాలేదు.

ఆరుబయటి ట్రాకు ఉన్న కంఠీరవ స్టేడియం పక్కనే ఇందుకు ఒక నిదర్శనం ఉంది. 1997 జాతీయ క్రీడలకు వేదికైన ఆ స్టేడియం ఒకప్పటి సంపంగి చెరువు నేల మీద ఉంది. చెరువులో మిగిలిన చిన్న కోనేటి దగ్గర ఇప్పటికీ ఏటా బెంగళూరు కరగ ఉత్సవపు పూజలు జరుగుతాయి. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయ గుడి నుంచి కరగను, అంటే పూలతో అలంకరించిన కలశాన్ని, తలమీద ఎత్తుకుని పూజారి పాత నగరమంతా తిరుగుతాడు. అందుకు ముందు నుంచే వ్రతనియమాలతో శరీరాన్ని సిద్ధం చేసుకుంటాడు. ఆ నియమాలన్నీ ఒక్క రాత్రి తొట్రుపడకుండా నడవడానికి. దీక్షకు ప్రయోజనం సామర్థ్యమే తప్ప నీరసం కాదన్న సంగతి ట్రాకుకు కూతవేటు దూరంలోనే ఉంది.

తిండి విషయంలో ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తగ్గితే ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. మధ్యదూరపు పరుగు నడిచేదే ఆక్సిజన్ మీద. అలాంటి అమ్మాయిని సోమవారం ఉపవాసంతో పరుగెత్తించి, వెనకబడితే పట్టుదల లేదనడం అన్యాయం. చాలినంత తినకుండా శిక్షణ పెంచితే నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడి చీలడం కూడా జరుగుతాయి. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, పుష్టికరంగా తినాలని ఆయుర్వేదం చెప్పింది. ఈ నేల పండుగలు కూడా అదే చెబుతున్నాయి. కార్తికం చివరి సోమవారం బసవనగుడిలో వేరుశనగల జాతర కడలెకాయి పరిషె, చలి నెలల్లో బజారు నిండా అనపకాయలు, సంక్రాంతికి నువ్వులూ బెల్లమూ వేరుశనగా కొబ్బరీ కలిపి పంచుకునే ఎళ్లు బెల్ల, మన ఇళ్లలో అరిసెలు, భోగినాడు నువ్వులద్దిన సజ్జ రొట్టెలు. వీటికి రాగి సంకటీ గుడ్లూ పాలూ తోడైతే పరుగు పిల్లలకు పొడి డబ్బాల అవసరం పెద్దగా ఉండదు.

నిద్ర సంగతి ఇంతకన్నా సున్నితం. బ్రాహ్మీముహూర్తంలో లేవడం మంచిదన్న సంప్రదాయం రాత్రి పెందలాడే పడుకునే కాలంలో పుట్టింది. ట్యూషన్ ముగించి పదకొండింటికి పడుకునే పిల్లను నాలుగున్నరకు లేపితే ఐదున్నర గంటల నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవారికి 8 నుంచి 10 గంటలు కావాలని నిద్రా వైద్యులు చెబుతారు. గీత ఆరో అధ్యాయం ఆహార విహారాలతో పాటు నిద్రా మెలకువలు కూడా తగుమాత్రంగా ఉన్నవారికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని చెప్పింది. అతిగా నిద్రపోయేవాడికే కాదు, అతిగా మేలుకునేవాడికి కూడా యోగం లేదన్నది. బెంగళూరు చలికాలంలో సాయంత్రం నాలుగు, ఐదు గంటల వేళ వాతావరణం హాయిగానే ఉంటుంది, వెలుతురూ ఉంటుంది. వేకువ పరుగును వారానికి రెండు మూడు రోజులకు పరిమితం చేసి, మిగతావి సాయంత్రానికి మార్చడంలో ఏ పవిత్రతా తగ్గదు.

కప్పు కన్నా ఓపిక ముఖ్యమనడానికి కెన్యా ఒక ఉదాహరణ. అక్కడి ఇటెన్ ఊళ్లో, ఐర్లండ్ నుంచి 1976లో వచ్చిన కాథలిక్ సన్యాసి బ్రదర్ కోల్మ్ ఓకానెల్ బడిలో భూగోళం పాఠాలు చెబుతూ పరుగు కోచ్ అయ్యాడు. కోచింగ్ చదువు లేదు, ఇండోర్ ట్రాకు లేదు, మట్టి ట్రాకే. అతను కుర్రతనం నుంచి తీర్చిదిద్దిన డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో పూర్తి చేశాడు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. ఎత్తయిన ప్రదేశం, అక్కడి జనంలో పరుగు సంప్రదాయం ఇందుకు కారణాలే. ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి, పిల్లలు ఎదిగేదాకా ఆగగలిగిన ఒక మనిషి ఓపిక కూడా అంతే పెద్ద కారణం.

బెంగళూరు కోచ్‌లను, తల్లిదండ్రులను కోరవలసినవి ఖర్చుతో కూడినవి కావు. దీపావళి వెళ్లాక శిక్షణ మొదలయ్యే ముందు ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి అని ముందే రాసిపెట్టాలి. దీక్షలు, ఉపవాసాలు ఉన్న రోజులను కోచ్‌కు దాచకుండా చెప్పాలి. నొప్పిగా ఉంది, ఇవాళ పరుగెత్తలేనని పిల్లలు అన్నప్పుడు ఆ మాటను నమ్మాలి.